అత్త వైపు క్యాపు

కిందటి వారం పెట్టె మూత తీసిన చోట ఆగాం. లోపల నూనె కాగితంలో చుట్టుకుని పడుకున్నది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. ఆ పేరు పలికేలోపు పని పూర్తవుతుందని షెడ్డులో దానికి అప్పుడే "పట్టుడబ్బా" అని పేరు పెట్టేశారు. వదిన పికప్పుకి ఇరవై మూడేళ్ళు. దాని వెనక యాక్సిల్లో ఇన్నాళ్ళూ ఉన్న మామూలు డిఫరెన్షియల్ పని ఎగ్గొట్టేవాడికే కూలంతా ఇచ్చే రకం. ఒక చక్రం బురదలో ఊరికే గిర్రున తిరుగుతుంటే బలమంతా దానికే పోస్తుంది, గట్టినేల మీద నిలబడ్డ రెండో చక్రం పస్తుంటుంది. పట్టుడబ్బా దగ్గర ఆ ఆటలు సాగవు. లోపలున్న క్లచ్ ప్లేట్లతో రెండు చక్రాలనూ కలిపి పట్టుకుని, జారేదాని బలం నిలబడ్డదానికి మళ్ళిస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి పరీక్ష. గుట్ట మీది ఆసుపత్రికి మందుల పెట్టెలతో బండి ఎక్కితే, వారం వారం ఆ పని ఈ ఇంటిదే. అయితే బండి వదినదే గాని స్టీరింగు మాత్రం ఇటుకల లారీ డ్రైవరుది. ఆ ఏర్పాటు చేసింది ఆమె కన్నతండ్రి, షెడ్డు యజమాని, పెద్ద మేస్త్రి. ఎందుకంటే ఏడేళ్ళ కిందట అదే గుట్ట మీద, అదే బండి వెనక చక్రాలు పట్టేసి, పక్కకి జారి గోతిలో పడింది. పక్క సీట్లో ఉన్న నర్సమ్మకి భుజం ఎముక విరిగింది. మర్నాడు మేస్త్రి యాక్సిల్ విప్పి చూసి, నలుగురి ముందూ ఒకే ఒక్క మాట అన్నాడు. "తోలడం రాకపోతే బండి ఏం చేస్తుంది." ఆ మాట పట్టుకుని ఊరు ఏడేళ్ళు నమిలింది. వదిన మళ్ళీ ఆ గుట్ట ఎక్కలేదు.

ఇక ఈ వారం సంగతి.

పొద్దున్న ఎనిమిదింటికల్లా పికప్పు వెనక భాగం స్టాండ్ల మీద కూర్చుంది. పని చేస్తున్నది మేస్త్రి కోడలు, వదినకి తమ్ముడి భార్య. ఆమెను షెడ్డులో అందరూ కొలతలమ్మ అంటారు. పేరు పెట్టింది మామగారే, వెక్కిరింపుగా. బోల్టు బిగించాలన్నా బిగువు కొలిచే టార్క్ రెంచి, గేరు పళ్ళ మధ్య వదులు చూడాలన్నా డయల్ గేజి, ఆఖరికి ఇంట్లో పాలు కాచాలన్నా గడియారం చూసే మనిషి. వెక్కిరించిన పేరు నెమ్మదిగా పరపతి అయి కూర్చుంది. ఇప్పుడు బళ్ళ వాళ్ళు "కొలతలమ్మ ఉందా" అని అడిగి మరీ లోపలికి వస్తున్నారు. మామగారికి అది ఒక కంట సంతోషం, ఒక కంట నలుసు.

పాత గేర్ ఆయిల్ తొట్టిలోకి దిగింది. యాక్సిల్ రాడ్లు రెండూ బయటికి లాగి గుడ్డ మీద పక్కపక్కన పడుకోబెట్టింది. వెనక మూత ఊడదీసింది. ఇక మిగిలింది బేరింగు క్యాపులు. ఎడమ ఒకటి, కుడి ఒకటి, అర్ధచంద్రాకారంలో రెండు ఇనప ముక్కలు. హౌసింగులో, అంటే బయటి ఇనప గూట్లో, సగం గుంట, దాని మీద సగం క్యాపు, మధ్యలో బేరింగు. చూడ్డానికి రెండు క్యాపులూ కవలల్లా ఉంటాయి. కానీ తయారీలోనే హౌసింగుతో కలిపి కోస్తారు కనక ఏ వైపుది ఆ వైపుకే సరిపోతుంది. తారుమారైతే బేరింగు నలుగుతుంది, కాగుతుంది, ఓ పూట చూసుకుని పట్టేస్తుంది.

అందుకని విప్పే ముందే పంచ్ అనే ఉక్కు మొనతో చుక్కలు కొట్టడం ఈ షెడ్డు అలవాటు. క్రౌను, అంటే పెద్ద పళ్ళ చక్రం, ఉన్నది అత్త వైపు. దానికి రెండు చుక్కలు. ఎదురుగా ఉన్నది కోడలి వైపు. దానికి ఒక చుక్క. ఆ పేర్లూ మామగారివే. పెత్తనం ఎటుంటే అది అత్త వైపు అని అప్పట్లో అత్తగారు వినేలా చెప్పేవాడట, ఆ పూట భోజనం ఆలస్యమయ్యేదట.

ఈ బండిలో చుక్కలు ఏడేళ్ళ కిందటివే ఉన్నాయి. కుడి గుంటకి రెండు, కుడి క్యాపుకి రెండు. ఎడమ గుంటకి ఒకటి, ఎడమ క్యాపుకి ఒకటి. అంతా లెక్కప్రకారం ఉంది. కొలతలమ్మ క్యాపులు విప్పి, పాత డబ్బా దించి, గుంటల్ని కిరసనాయిలుతో కడిగి, టార్చి వేసి చూసింది.

కుడి గుంటలో మూడు గీతలు కనిపించాయి. వాటి చుట్టూ కాలిన నీలం రంగు. బేరింగు పట్టేసి, తన గుంటలోనే తిరిగి కోసిన గీతలవి. ఏడేళ్ళ కిందటి ప్రమాదపు గుర్తే కదా అనుకుంది. గోటితో తడిమింది, లోతు లేదు, సన్న ఎమరీ కాగితంతో పోతుంది. అలా గుండ్రంగా తిరిగిన గీత గుంటలో సగం ఉంటే మిగతా సగం దాని క్యాపులో ఉండాలి. కుడి క్యాపు తీసి చూసింది. అద్దంలా ఉంది.

ఎడమ క్యాపు తిప్పి చూసింది. మూడు గీతలు, నీలం మరక. ఎడమ గుంటలో మాత్రం గీత కాదు గదా, గీత నీడ కూడా లేదు.

కొలతలమ్మ ఎడమ క్యాపు తీసుకెళ్ళి కుడి గుంట మీద పెట్టింది. మూడు గీతలూ మూడు గీతలతో కలిసిపోయాయి. ఎక్కడ ఇనుము ముగిసి ఎక్కడ మొదలైందో తెలియనంత కుదురుగా.

అంటే ఆ రోజు గుట్ట మీద బేరింగు కాలినప్పుడు ఈ క్యాపు ఇక్కడే ఉంది. తప్పు వైపు. ఆ తర్వాత ఎవరో దాన్ని తెచ్చి సరైన చోట పెట్టారు. ఈ బండి యాక్సిల్ ప్రమాదానికి ముందు విప్పిందీ, తర్వాత విప్పిందీ ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి ఇప్పుడు పది అడుగుల దూరంలో, బల్ల దగ్గర కూర్చుని బోల్టులు ఏరుతున్నాడు.

మొదట ఆమెకు కోపం రాలేదు, భయం వేసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో స్పానరు చేతికిచ్చి పని నేర్పింది ఆయనే. ఇప్పుడు కడిగిన చేత్తోనే ఈ క్యాపులు సర్దేసి, పట్టుడబ్బా బిగించి, మూత వేసేస్తే మళ్ళీ ఇరవై ఏళ్ళు ఎవరూ విప్పరు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపమే పనికొచ్చింది.

"మామయ్యా, ఒకసారి ఇలా రండి."

"ఏమ్మా, కొలత తప్పిందా?"

"కొలత కాదు. మీరే చూడండి."

మేస్త్రి కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చాడు. ఆమె టార్చి పట్టుకుంది. క్యాపు ముందు సరైన వైపు పెట్టి చూపించింది, తర్వాత తప్పు వైపు పెట్టి చూపించింది. ఆయన వంగి ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు. బయట రోడ్డు మీద ఎవరో హారన్ కొట్టుకుంటూ పోయారు.

"పాత బండి," అన్నాడు చివరికి. "మనకంటే ముందు ఎంతమంది చేతులు పడ్డాయో. ఎవడో చేతకానివాడు..."

"చుక్కలు మనవి మామయ్యా. అత్తకి రెండు, కోడలికి ఒకటి కొట్టే షెడ్డు ఇంకోటి ఉందా?"

"చుక్కలు సరిగ్గానే ఉన్నాయిగా."

"ఉన్నాయి. చుక్కలు కొట్టిన చేయి సరిగ్గానే కొట్టింది. బిగించిన చేయి చూసుకోలేదు."

మేస్త్రి పికప్పు అంచు పట్టుకున్నాడు. షెడ్డులో ముప్ఫై ఏళ్ళుగా ఆయన మాట ఒకటుంది, "నేను కళ్ళు మూసుకుని బిగిస్తా" అని. దానికి ఎదురు చెప్పినవాడు లేడు. ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళు ఆ మాట గొప్పగా చెప్పుకుంటారు.

"మన దగ్గరికొచ్చే బళ్ళన్నిటికీ క్రౌను ఎడమ పక్కే," అన్నాడు నెమ్మదిగా. "అత్త అంటే ఎడమ. నా చేతికి అదే అలవాటు. ఈ ఒక్క మోడలుకే కుడి పక్క. చుక్కలు కొట్టేటప్పుడు చూసే కొట్టా. బిగించేటప్పుడు ఎవరితోనో కబుర్లాడుతూ, అత్త క్యాపు తీసుకెళ్ళి ఎడమ పెట్టేశా. రెండు వారాలు తిరిగింది బండి. తర్వాత..."

"తర్వాత తప్పు వదిన మీద పడింది."

"పడలేదమ్మా. నేనే పడేశా."

ఆ మాట అంత సూటిగా వస్తుందని కొలతలమ్మ అనుకోలేదు. నాలుగు వాదనలు సిద్ధం చేసుకుని ఉంది, అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"మూత తీయగానే తెలిసిపోయింది," అన్నాడు ఆయన. "షెడ్డు నిండా జనం. అందరూ నా మొహమే చూస్తున్నారు. ఒక్క మాట తేడా వస్తే రేపటి నుంచి ఒక్క బండి రాదు, ఇంట్లో పొయ్యి వెలగదు అనుకున్నా. దాని పేరు పోతే ఏముంది, ఆడపిల్ల, ఇవాళ కాకపోతే రేపు బండి మానేస్తుంది అనుకున్నా. మానలేదు. ఏడేళ్ళు చదును రోడ్ల మీద కూరగాయలు మోసింది." కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "దానికి చెప్పకు."

"నేను చెప్పను."

ఆయన తలెత్తాడు.

"మీరు చెప్తారు," అంది కొలతలమ్మ. "వదిన ఆయిల్ తేవడానికి వెళ్ళింది. వచ్చేసరికి గంట. ఈలోపు పని ఆగదు. ఇటు రండి, క్రౌను మోయాలి, ఒక్కదాని వల్ల కాదు."

మామగారికి ఆజ్ఞ ఇవ్వడం ఆమెకి అదే మొదటిసారి. ఆయన వచ్చాడు.

క్రౌను పాత డబ్బా మీంచి విప్పి పట్టుడబ్బాకి ఎక్కించారు. పది బోల్టులు, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ. కొత్త బేరింగులు ఎక్కాయి. పక్కన పెట్టే సన్నటి రేకు షిమ్ములు కొలతలమ్మ మైక్రోమీటరుతో కొలిచి ఎంచింది. మేస్త్రి అవే రేకుల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, "ఇది కాదు, దాని చెల్లెలు" అన్నాడు. డయల్ గేజి పెట్టి చూస్తే ఆయన చెప్పిందే నిజమైంది. మామూలు రోజైతే ఆయన ఆ విజయాన్ని సాయంత్రం దాకా చెప్పుకునేవాడు. ఇవాళ రేకు ఆమె చేతిలో పెట్టి ఊరుకున్నాడు.

ఎడమ క్యాపు ఆమె బిగించింది. కుడి క్యాపు తీసి, రెండు చుక్కలూ పైకి కనిపించేలా ఆయన అరచేతిలో పెట్టి, టార్క్ రెంచి కూడా ఇచ్చింది.

"నన్ను బిగించమంటావా?"

"చూసి బిగించండి."

ఆయన చుక్కల్ని వేలితో తడిమాడు, గుంట మీది చుక్కల్ని తడిమాడు, మళ్ళీ క్యాపు చూశాడు. రెంచి టక్కుమనేదాకా బిగించి, ఇంకోసారి టక్కుమనిపించాడు. పళ్ళు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో తెలియాలని కొలతలమ్మ గేరు పళ్ళకి నీలం రంగు పూసి చక్రం తిప్పింది. పంటి మధ్యలో, సరిగ్గా ఉండాల్సిన చోట, కోడిగుడ్డులా కుదురుగా మచ్చ పడింది. ఇంత మంచి మచ్చ ఆమె చేతి కింద ఇంతకు ముందు పడలేదు. అంత బరువైన పొద్దులోనూ ఆమెకి లోపల్లోపల గర్వం పొంగింది, దాచుకోలేదు.

వదిన వచ్చింది. రావడమే, "నా ముసల్దానికి ఆపరేషన్ అయిందా లేదా?" అంటూ. చేతిలో గేర్ ఆయిల్ డబ్బా, పట్టుడబ్బా ప్లేట్లకని విడిగా కలపాల్సిన చిన్న సీసా. "ఈ సీసా లేకపోతే మలుపుల్లో బండి పళ్ళు పటపటా కొరుకుతుందట. కొట్టువాడు చెప్పాడు. మా నాన్నలాగే అన్నమాట అన్నా." నవ్వుతూ అటూ ఇటూ చూసింది. నవ్వేవాళ్ళు కనిపించలేదు. "ఏమైంది? ఏం విరిగింది?"

"ఏం విరగలేదు," అన్నాడు మేస్త్రి. "ఇలా రా."

కొలతలమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి నడవబోయింది. "నువ్వుండమ్మా," అన్నాడు ఆయన.

చెప్పాడు. క్రౌను ఎటుందో, చేయి ఎటుపోయిందో, గీతలు ఎక్కడ కలిశాయో, అంతా. మధ్యలో సాకులు పెట్టలేదు. వదిన బానెట్ మీద చేయి వేసుకుని విన్నది. ఆమె మాటకారి, సందు దొరికితే సామెత దూర్చే మనిషి. ఇవాళ ఒక్క మాటే అడిగింది.

"ఎప్పుడు తెలిసింది నాన్నా?"

"మర్నాడే."

"అంటే, తోలడం రాదు అన్నప్పటికే తెలుసు."

"తెలుసు."

ఆమె కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు. "ఏడేళ్ళు నాన్నా. రాత్రిళ్ళు పడుకుని, ఆ రోజు గేరు ఎక్కడ మార్చాను, క్లచ్ ఎప్పుడు వదిలాను అని లెక్కలు వేసుకున్నాను. ఎక్కడా తప్పు దొరక్క, తప్పు దొరకనంత చేతకానిదాన్ని కాబోలు అనుకున్నాను." ఆయిల్ డబ్బా కొలతలమ్మ ముందు పెట్టింది. "పోనీ. ఇప్పుడు లెక్క తేలింది. ఆయిల్ పొయ్యవే కొలతలమ్మా, టైమైపోతోంది."

"అమ్మా, నన్ను..."

"క్షమించడం తర్వాత చూద్దాం. అదేం మూడింటికి కాదు కదా. లారీ డ్రైవరుకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. బండి నేనే తోలతా. నువ్వు నా పక్క సీట్లో కూర్చుంటావు. ఇక్కడ నాకు చెప్పింది అక్కడ నర్సమ్మకి చెప్తావు. ఆ రోజు ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా."

కొత్త ప్లేట్లు కుదురుకోవాలని వదిన షెడ్డు ముందు ఖాళీ జాగాలో బండిని ఎడమకి పది చుట్లు, కుడికి పది చుట్లు, పెళ్ళికూతురిని నడిపించినంత నెమ్మదిగా తిప్పింది. పటపటా లేదు, గరగరా లేదు. కొలతలమ్మ పక్కనే నడుస్తూ వెనక యాక్సిల్ మీద అరచెయ్యి పెట్టి వేడి చూసుకుంది.

మూడింటికి గుట్ట కింద జనం బాగానే పోగయ్యారు. ఫోన్ ఎత్తని లారీ డ్రైవరు ముందే వచ్చి నిలబడ్డాడు. వారం రోజుల వానకి గుట్ట దారి ఎర్రటి ముద్దలా ఉంది. మందుల పెట్టెల పక్కన గొడుగు చంకలో పెట్టుకుని నర్సమ్మ. స్టీరింగు ముందు వదినను చూడగానే ఆమె మొహం ముడుచుకుంది.

"ఈవిడ తోలితే నా పెట్టె ఒక్కటి కూడా ఎక్కదు. వాన పడితే నా భుజం ఇప్పటికీ సలుపుతుంది."

లారీ డ్రైవరు తాళాల కోసం చెయ్యి చాపాడు. అందరి చూపూ మేస్త్రి మీద పడింది. ఆయన తలుపు తీసుకుని బురదలోకి దిగాడు.

"ఆ చెయ్యి వెనక్కి తీసుకో," అన్నాడు డ్రైవరుతో. తర్వాత నర్సమ్మ వైపు తిరిగి, వెనక వరసకి కూడా వినపడేలా అన్నాడు. "మీ భుజం విరగడానికి కారణం నా కూతురు కాదు. నేను. క్యాపు తప్పు బిగించా. తెలిసీ దాని మీద నెట్టేశా. దానికి తోలడం వచ్చు. నాకే చెప్పడం రాలేదు."

ఎవరో ముక్కున వేలేసుకున్నారు, ఎవరో చప్పరించారు. వదిన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని సూటిగా ముందుకే చూస్తోంది. నర్సమ్మ మాత్రం మేస్త్రిని కాళ్ళ నుంచి తలదాకా చూసింది.

"మంచిది. మరి ఇవాళ ఈ బండి లోపల కూడా ఆ చేయే పడిందా?"

మేస్త్రి బండి వైపు చూశాడు. నిజం చెప్తే బండి పేరు పోతుంది, అబద్ధం చెప్తే మళ్ళీ మొదటికొస్తుంది. వెనక తొట్టిలో నిలబడ్డ కొలతలమ్మ ఆయన కోసం ఆగలేదు.

"పడింది," అంది. "కుడి క్యాపు ఆయనే బిగించారు. నేను పక్కన నిలబడి బిగించమన్నాను. కొలిచి చూశాను కూడా. అది తప్పితే తప్పు నాది. పేరు రాసుకోండి."

నర్సమ్మ గొడుగు తీసి లారీ డ్రైవరు చేతిలో పెట్టింది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంది, మేస్త్రిని తప్పుకోమని సైగ చేసి, ఆయన దిగిన పక్క సీట్లోకే ఎక్కి కూర్చుంది.

"పెట్టెలు ఎక్కించండి. నేను లేకుండా నా మందులు వెళ్ళవు," అంది. తర్వాత వదినతో, చిన్నగా, "పోనివ్వమ్మా. నాకూ ఈ గుట్టంటే ఏడేళ్ళుగా భయమే," అంది.

పెట్టెలు ఎక్కాయి. కొలతలమ్మ కిందికి దూకి మామగారి పక్కన నిలబడింది. వదిన మొదటి గేరు వేసింది. పికప్పు తొందరపడకుండా, దారి తనదే అన్నట్టు ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపు దగ్గర, ఏడేళ్ళ కిందట బండి పడిన గోతికి నాలుగడుగుల ఇవతల, కుడి వెనక చక్రం మెత్తటి బురదలోకి రిమ్ము దాకా దిగబడి, ఎర్రటి ముద్దలు విసురుతూ ఊరికే తిరగసాగింది. బండి ఆగింది. ఒక జానెడు వెనక్కి జారింది.

కొలతలమ్మ, పట్టుడబ్బా బలం అందుకోవాల్సిన ఎడమ చక్రం వైపు చూసింది. అది ఇంకా కదలలేదు.